తప్పు ఒప్పుకోకుండా కట్టిన జరిమానా

తూనికలు కొలతల శాఖలో కొత్తగా చేరినవాళ్లు ఎవరో ఒకరు నాకు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. మొదట ఆరోగ్యం అడుగుతారు, తర్వాత అసలు సంగతికి వస్తారు. "మేడమ్, పెద్ద కంపెనీలకు జరిమానా వేస్తే నిజంగా బుద్ధి వస్తుందా?" అంటారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక ఇన్నాళ్లూ, "ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు తాగుతుండండి" అని మాట మార్చేశాను. అది తప్పే. అందుకని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సలోమి. మాది బీదర్ పక్కన జనవాడ. సర్వీసంతా ఈ జిల్లాలోనే గడిచింది. దుకాణాల కాంటాలు పరీక్షించి ముద్ర వేయడం, ప్యాకెట్ మీద రాసినంత సరుకు లోపల ఉందో లేదో తూచి చూడడం, లేకపోతే జరిమానా వేయడం నా పని. ప్రమోషన్ల గురించి రాయను. రావలసినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు.

పెంటమ్మ రాయి

ముందు నా తప్పుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చట్టమంతా నోటికి వచ్చేది. బుర్రకు మాత్రం ఇంకా ఎక్కలేదు. ఒక సంతలో టమాటాలు అమ్మే పెంటమ్మ అనే పెద్దావిడ దగ్గర ముద్ర వేసిన కిలో ఇనప బాటుకు బదులు ఒక నల్లరాయి కనిపించింది. ముద్ర లేని తూకం. దొంగను పట్టుకున్నాననుకున్నాను.

"గీ రాయి మా అత్త ఇచ్చింది మేడమ్. నలబై ఏండ్ల సంది గిదే" అంది ఆమె.

సంతలో అందరూ చూస్తుండగా నా కాంటాలో ఆ రాయి పెట్టాను. కిలో దాటి ఎనభై గ్రాములు తూగింది. మళ్లీ పెట్టి చూశాను. మళ్లీ అంతే.

"ఎంత తక్కువుంది మేడమ్?" అంది పెంటమ్మ భయంగా.

"తక్కువ కాదమ్మా. ఎక్కువే ఉంది."

లెక్క ఆమెకు నాకన్నా వేగంగా తెలిసిపోయింది. నలభై ఏళ్లుగా ప్రతి కిలోకూ ఒక టమాటా ఊరికే పోయింది. చటుక్కున లేచి, సంచీ పట్టుకుని జారుకుంటున్న ఒకాయన మీద పడింది. "ఓ మల్లన్నా! యాడికి పోతున్నవ్? ఇన్నేండ్ల సంది నా దగ్గర ఎక్కువ తిన్నవ్. ఈ జుర్మానా నువ్ కట్టు!"

మల్లన్న కట్టలేదు. పెంటమ్మే కట్టింది. ముద్ర లేని తూకం ఎవరిని ముంచినా నేరమే అని రసీదు రాసిచ్చాను. హెచ్చరించి, ఒక కొత్త బాటు కొనిపించి వదిలేసి ఉండొచ్చు. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. రెండు వారాలు ఆమె సంతకు రాలేదు. జరిమానా అనేది ఎవరికి తగులుతుందో ఆ రెండు వారాల ఖాళీ చోటు చూసి నేర్చుకున్నాను. ఎవరికి తగలదో నేర్చుకోవడానికి మాత్రం ఇంకో పాతికేళ్లు పట్టింది.

"నా ఇజ్జత్ జర తూకమెయ్యాలె"

సర్వీసు చివరి ఏళ్లలో, దసరా అయిన వారానికి, బీదర్‌లో మా ఆఫీసుకు ఒకామె వచ్చింది. ఒక చంకలో బట్టల మూట, ఇంకో చేతిలో సంచీ, సంచీలో కొత్తగా కొన్న బట్టల పౌడర్ కిలో ప్యాకెట్లు మూడు.

"కాంటాలు జూసే మేడమ్ ఎవలు?"

"నేనేనమ్మా."

"నా ఇజ్జత్ జర తూకమెయ్యాలె" అని ప్యాకెట్లు నా బల్ల మీద పెట్టింది.

ఆమె పేరు తుల్జమ్మ. సంతపూర్‌లో మొగుడు నర్సప్పతో కలిసి లాండ్రీ నడుపుతుంది. ఔరాద్‌లో ఉన్న రెండు లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు వీళ్లే ఉతుకుతారు. నెలకు ముప్పై ప్యాకెట్లు ఒక పెట్టెలో పోసుకుని, రోజుకు కిలో చొప్పున కొలిచి వాడతారు. ఎన్నో ఏళ్లు ఆ లెక్క సరిగ్గా నడిచింది. ఆ ఏడు మాత్రం ఇరవై ఎనిమిదో తేదీకే పౌడర్ అయిపోవడం మొదలైంది.

నర్సప్ప ఆలోచించాడు. పౌడర్ తనంతట తాను నడిచిపోదు. తుల్జమ్మ పుట్టిల్లు కమలనగర్‌లో ఉంది. ఆమె చెల్లెలు ఆ మధ్యనే రెండుసార్లు వచ్చిపోయింది. అంతే, ఒక నిర్ణయానికి వచ్చేసి పౌడర్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"తాళమేసినంక గూడ ఇర్వై ఎనిమిదికే అయిపోయింది మేడమ్" అంది తుల్జమ్మ. "మరి చెవి నీ నడుముకే ఉండె గదా, నేను చీమ లెక్క సందుల దూరిన్నా అని అడిగిన. నువ్ గంత తెలివిగల్లదానివే అన్నడు."

దసరాకు కమలనగర్ పోయినప్పుడు ఈ మాట ఆమె తల్లిగారింటి గల్లీలో నలుగురి ముందూ అనేశాడు. తుల్జమ్మ అక్కడే ఉండిపోయింది. పౌడర్ ఎవరు తీశారో తేలేదాకా సంతపూర్‌లో అడుగుపెట్టనని ఒట్టేసింది.

నేను మూడు ప్యాకెట్లూ తూచాను. మూడింటిలోనూ అరవై గ్రాములు అటూ ఇటుగా తక్కువ. ముప్పై ప్యాకెట్లకు దాదాపు రెండు కిలోలు. అంటే రెండు రోజుల పౌడర్. తుల్జమ్మ కాంటా మీది అంకెలు చూసి ఏడ్వలేదు, నవ్వలేదు. "గిది ఒక కాయితం మీద రాసియ్యుండ్రి, పెద్దక్షరాలల్ల" అంది.

ఎవరో తెచ్చిన ప్యాకెట్లు తూచి కేసు పెట్టకూడదు కాబట్టి నేను పెద్ద డీలరు గోదాముకు పోయి, పద్ధతి ప్రకారం నమూనాలు తీయించి మళ్లీ తూచాను. కొద్దిపాటి తేడాను చట్టమే క్షమిస్తుంది. ఈ తేడా క్షమించేది కాదు. కంపెనీకి నోటీసు పంపాను. కంపెనీ పేరు చెప్పను. మీ ఇంట్లో దాని సబ్బో, పేస్టో, బిస్కెట్టో ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఖాళీలు పూరించిన క్షమాపణ

నోటీసు అందిన పది రోజులకు కంపెనీ లాయరు వచ్చాడు. నాకు వాదనకు గొంతు సవరించుకునే పని కూడా పడలేదు. ఆయన నవ్వుతూ వచ్చి, నమస్కారం పెట్టి, సంచీలోంచి అచ్చు వేసిన కాగితం తీశాడు. అందులో అన్నీ ముందే ఉన్నాయి. ఊరి పేరుకూ, సరుకు పేరుకూ, తేదీకీ మాత్రం ఖాళీలు వదిలారు. నా కళ్లముందే "బీదర్" అనీ "బట్టల పౌడర్" అనీ నింపాడు.

కాగితంలో ఉన్నది ఇదీ: తప్పు జరిగిందని ఒప్పుకోకుండానే, వివాదం ముగించాలన్న సదుద్దేశంతో, మా సంస్థ జరిమానా చెల్లిస్తోంది.

"ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయి మీ దగ్గర?" అని అడిగాను.

"కట్ట ఉంది మేడమ్" అన్నాడు ఎంతో వినయంగా. "అయిపోతే మళ్లీ అచ్చు వేయిస్తాం."

ఆ జరిమానా ఆయన వచ్చిన కారు టైర్లకు కూడా చాలదు. కట్టేసి, రసీదు తీసుకుని, మా ఆఫీసులో అందరికీ టీ చెప్పించి వెళ్లిపోయాడు. మా పై అధికారి గురునాథ్ సార్ ఆ టీ తాగుతూ, "ఎంత మర్యాదస్తులు! మన టార్గెట్‌కు ఇలాంటివాళ్లే దిక్కు" అన్నాడు. ఏడాదికి ఇంత జరిమానా వసూలు చేయాలని మాకు ఒక లెక్క ఉండేది. ఆ లెక్క ప్రకారం చూస్తే మోసం చేసే కంపెనీ మా శాఖకు మంచి గిరాకీ. మోసం మానేస్తే మాకే నష్టం. సార్ చెడ్డవాడు కాదు, లంచం ముట్టలేదు. కానీ దొంగ వచ్చి డబ్బు కట్టి పోతుంటే దొంగను కాక డబ్బును చూసే అలవాటు ఆయనకు పడిపోయింది. ఆ అలవాటు నాకూ కొంత పట్టింది. మీకూ పడుతుంది. జాగ్రత్త.

నేను గొప్పగా తుల్జమ్మకు ఫోన్ చేసి చెప్పాను, కంపెనీ జరిమానా కట్టిందని.

"ఎవలికి కట్టింది?"

"సర్కారుకు."

"సర్కారును ఎవలు దొంగన్నరు మేడమ్?"



మర్నాడు నర్సప్పే ఆఫీసుకు వచ్చాడు. సన్నగా, నలిగిన చొక్కాతో ఉన్నాడు. ఊరందరి బట్టలు ఇస్త్రీ చేసేవాడి చొక్కా అట్లా ఉందంటే ఇంట్లో పరిస్థితి తెలిసిపోతుంది. కంపెనీ కాగితం చూపించమన్నాడు. దానిలోని మాటలు చదివి వినిపించాను.

"అంటే కంపెనీ తప్పు ఒప్పుకోలే గదా?"

"ఒప్పుకోలేదు. కానీ నేను తూచాను కదా నర్సప్పా."

"మీ మీద నాకు నమ్మకమే మేడమ్. మరి కంపెనీ ఒప్పుకోంది నేనెట్ల ఒప్పుకోవాలె? గల్లీల అందరి ముంగట అన్న. ఇప్పుడు ఉత్తగనే పోయి కాదంటే నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు నేల చూస్తూ. "వాళ్లు ఒక్కసారి ఒప్పుకుంటే నేను గూడ ఒప్పుకుంట మేడమ్. దుప్పట్లు నా ఒక్కనితోని అయితలేవు."

అప్పుడు అర్థమైంది నాకు. మొగుడూ పెళ్లాలిద్దరికీ కావలసింది ఒకటే. ఆ ఒక్కటీ జరిమానాలో లేదు.

టార్గెట్ అయిపోయిన ఫిబ్రవరి

జరిమానా కట్టినాక కంపెనీ తీరు మారిందేమోనని సంక్రాంతి దాటాక మళ్లీ అదే గోదాముకు వెళ్లి తూచాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. అవే అరవై గ్రాములు తక్కువ. ఒక రకంగా మెచ్చుకోవాలి, తప్పు చేయడంలో కూడా అంత కచ్చితంగా ఉన్నారు.

అప్పటి నియమం ప్రకారం అదే తప్పు మళ్లీ చేస్తే ఆఫీసులో జరిమానాతో వదలకూడదు. కోర్టుకు పోవాలి. ఫైలు పట్టుకుని గురునాథ్ సార్ దగ్గరికి వెళ్లాను.

"బిడ్రి మేడమ్, వదిలేయండి" అన్నాడు. "కోర్టంటే వాయిదాలు. మీకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ఎందుకు ఈ తిప్పలు?"

"సార్, సంతపూర్‌లో ఒక కాపురం ఆగిపోయింది."

"కాపురాలు మన శాఖ కిందికి రావు కదా."

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన నిట్టూర్చి, కంప్యూటర్లో ఏదో చూశాడు. ముఖం వికసించింది. "ఈ ఏడు టార్గెట్ అయిపోయిందే! ఇంకేం, ఏప్రిల్ దాకా మీ ఇష్టం" అని సంతకం పెట్టేశాడు. న్యాయం కోసం చేసిన పోరాటాల గురించి పెద్దవాళ్లు చాలా రాస్తారు. నా పోరాటం గెలిచింది మాత్రం ఆ ఏడాది టార్గెట్ ముందుగా పూర్తయినందుకు.

ప్రతి కంపెనీ, మా సరుకు బాధ్యత ఫలానా మనిషిది అని ఒక పేరు రాసివ్వాలి. ఈ కంపెనీ రాసిచ్చిన పేరు మూర్తి గారు. సొంతూరు తెనాలి దగ్గర, కొలువు ముంబైలో. ఔరాద్ కోర్టు నుంచి ఆయనకు సమన్లు వెళ్లాయి. మొదటిసారి లాయరే వచ్చి, మూర్తి గారు తీరిక లేని మనిషి, వీడియోలో హాజరవుతారన్నాడు. సరే అని పెట్టారు. తెర మీద మూర్తి గారు నోరు తెరిచారు, నెట్‌వర్క్ పోయింది. పావుగంట సేపు ఆయన బొమ్మ నోరు తెరుచుకునే ఉంది. జడ్జిగారు ఓపికగా చూసి, "వచ్చే వాయిదాకు ముద్దాయి నోరు కదిలే స్థితిలో స్వయంగా రావాలి" అన్నారు.

ఫ్యాన్లు ఆపిన గంట

ఏప్రిల్ నెల ఔరాద్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మూర్తి గారు కోటు, టై వేసుకుని వచ్చారు. కేసు పిలిచేదాకా బయట వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. మేక దొంగతనం కేసు ఒకటి ముందుంది. ఆ మేకను కూడా తెచ్చి వరండా స్తంభానికి కట్టేశారు. అది మూర్తి గారి టై కొసను చాలా శ్రద్ధగా చూస్తోంది.

బెంచీ మీద ఆయన పక్కన సాక్షిగా వచ్చిన తుల్జమ్మ కూర్చుంది. ఒకరెవరో ఇంకొకరికి తెలియదు. నేను ఎదురుగా ఉన్నాను, కానీ పరిచయం చేయలేదు. ఆ ఒక్కటి కావాలనే చేసిన తప్పు.

"ఏం కేసు సారూ?" అంది తుల్జమ్మ.

"ఏం చెప్పమంటారమ్మా. ప్యాకెట్లో పౌడర్ కాస్త తక్కువ పడిందట."

"ఎవలు దీసిండ్రు?"

"ఎవరూ తీయలేదండీ. మిషన్ సరిగ్గా నింపలేదు."

తుల్జమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. "మిషన్ నింపలేదా? మరి గా ముచ్చట మొదలే ఎందుకు చెప్పలే సారూ? నేను ఏడు నెల్ల సంది తల్లిగారింట్ల కూసున్న."

మూర్తి గారు నా వైపు చూశారు. నేను మేక వైపు చూశాను.

"మీరు... ఆ లాండ్రీ ఆవిడా?"

"అవు. దొంగను."

ఆయన తన మంచినీళ్ల సీసా ఆమెకు ఇచ్చారు. ఆమె తీసుకుంది.

కోర్టులో ప్యాకెట్లు మళ్లీ తూచి చూపించమన్నారు. కాంటా పెట్టాను. పైన ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటే అంకెలు ఒకచోట నిలవడం లేదు. ఆ గాలికి కాంటా ఊగుతోందని విన్నవించాను. జడ్జిగారు అన్ని ఫ్యాన్లూ ఆపించారు. పది ప్యాకెట్లు, ఒక్కొక్కటి విప్పి, పౌడర్ తూచి, ఖాళీ కవరు వేరే తూచి, రాసుకునేసరికి గంట పట్టింది. పౌడర్ లేచి అందరికీ తుమ్ములు. లాయర్లు నల్లకోట్లలో ఉడికిపోయారు. పేకాట కేసులో వచ్చిన ఆరుగురు, మేక దొంగ, మేక యజమాని, బంట్రోతు, అందరూ మూర్తి గారినే చూస్తున్నారు. మేక దొంగ పక్కవాడితో, "అరవై గ్రాముల కోసం ఇంత పరేషాన్ జేస్తరా? మొత్తం ఎత్కపోవాలె గని" అనడం అందరికీ వినిపించింది.

తూకం అయింది. జడ్జిగారు మూర్తి గారిని ఏం చెప్పుకుంటారని అడిగారు. ఆయన జేబులోంచి అచ్చు కాగితం తీసి, "తప్పు జరిగిందని ఒప్పుకోకుండానే, వివాదం ముగించాలన్న సదు..." అని మొదలుపెట్టి తుమ్మారు.

"అది కాదు" అన్నారు జడ్జిగారు. ఆ మేడమ్ నుదురు కూడా తడిసిపోయింది. "ప్యాకెట్లో పౌడర్ సరిగ్గా ఉందా, తక్కువ ఉందా?"

మూర్తి గారు కాగితం వైపు చూశారు. దానిలో ఆ ప్రశ్నకు ఖాళీ వదల్లేదు.

"తక్కువ ఉందండీ" అన్నారు మెల్లగా.

"జర గట్టిగ సారూ" అంది తుల్జమ్మ. "మా ఆయన ఎన్కకు నిలవడ్డడు."

బంట్రోతు ఆమెను గద్దించబోయాడు. జడ్జిగారు చేత్తో ఆపి, "గట్టిగా చెప్పండి" అన్నారు.

"తక్కువ ఉంది!" అన్నారు మూర్తి గారు, కోర్టంతా వినబడేలా. "తప్పు మా కంపెనీదే!"

వెనక తలుపు దగ్గర నర్సప్ప గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. పౌడర్ పడిందో, ఇంకేమైనానో నాకు తెలియదు. జడ్జిగారు జరిమానా వేశారు. ఈసారి కూడా అది కంపెనీకి చిల్లరే. ఎంత అని ఎవరూ వినలేదు. "ఫ్యాన్ వేయండి" అన్న మాటకే అందరూ లేచి నిలబడ్డారు.

బయటికొచ్చాక మూర్తి గారు నాతో అన్నారు. "మేడమ్, ఈ సీట్లో కూర్చుని ఎన్ని అచ్చు కాగితాల మీద సంతకాలు పెట్టానో లెక్కలేదు. ప్యాకెట్ విప్పి తూచడం ఇవాళే చూశాను. ఇక తక్కువ పోయనివ్వను."

నేను చివరికి అనుకున్నది

మూర్తి గారు మాట మీద నిలబడ్డారు. మూడు నెలల తర్వాత తూచితే ప్యాకెట్లు సరిగ్గా ఉన్నాయి, కొన్నిట్లో రెండు గ్రాములు ఎక్కువే ఉంది. నేను రిటైరయ్యేదాకా అట్లాగే ఉన్నాయి. ఆ తర్వాత ఆయన వేరే చోటికి మారారని విన్నాను. కంపెనీ అదే ధరకు, అంతే పెద్ద సంచీలో తక్కువ పౌడర్ పోసి, ఆ తక్కువ బరువును పైన నిజాయితీగా రాసి అమ్మడం మొదలుపెట్టింది. చిన్న అక్షరాలతో రాసినా రాసింది నిజమే కాబట్టి తప్పు పట్టడానికి లేదు. అబద్ధం పోయింది, దాంతోపాటు పౌడరూ పోయింది.

కాబట్టి పిల్లలూ, నా అభిప్రాయం ఇది. డబ్బున్నవాడికి డబ్బే శిక్షగా వేస్తే అది శిక్ష కాదు, తప్పు చేయడానికి టికెట్. లాభంలో ఎంత భాగమో చూసి వేస్తే కొంత తగులుతుందేమో. ఆ అధికారం నాకెప్పుడూ లేదు కాబట్టి చెప్పలేను. నేను చూసినంతలో కంపెనీకి తగిలింది రెండే: ఒక మనిషి స్వయంగా వచ్చి నిలబడాల్సి రావడం, నష్టపోయిన మనిషి ఎదురుగా నిజం చెప్పాల్సి రావడం. ఆఫీసులో రాజీ చేసుకోవడం సులువు, టీ కూడా వస్తుంది. అయినా చట్టం వీలిచ్చిన ప్రతిసారీ కోర్టుకు పొండి. పెంటమ్మలు కనిపిస్తే మాత్రం హెచ్చరించి వదిలేయండి.

కమలనగర్ గల్లీలో

కోర్టు అయిన ఆదివారం నర్సప్ప మా ఇంటికి ఫోన్ చేశాడు. "మేడమ్, తుల్జమ్మను తోల్కరానీకి పోతున్న. మీరు గూడ రాండ్రి. మీరుంటే జర మెత్తగ మాట్లాడ్తది."

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, బస్సెక్కాను. నేను వెళ్లేసరికి నర్సప్ప వాకిట్లో ఒక కొత్త చీర కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తుల్జమ్మ గడప దాటలేదు.

"గిదేంది?"

"చీర."

"ఎందుకు?"

"గదే... అయింది గదా... ఇగ ముగిద్దమని."

"తప్పు ఒప్పుకోకుండనే జుర్మానా కడ్తున్నవా?" అంది తుల్జమ్మ. "నువ్ గా కంపెనీల ఎప్పుడు జేరినవ్?"

నర్సప్ప సాయం కోసం నా వైపు చూశాడు. నేను రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ప్రభుత్వోద్యోగిని. కాపురాలు మా శాఖ కిందికి రావు.

"ఎక్కడన్నవో గక్కడనే చెప్పు" అంది ఆమె.

నర్సప్ప గల్లీ మధ్యకు వెళ్లాడు. తుల్జమ్మ చెల్లెలు బయటికొచ్చింది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. గొంతు సవరించుకుని, "తుల్జమ్మ పౌడర్ దియ్యలే. నేనే తప్పు మాట్లాడిన" అన్నాడు.

తుల్జమ్మ తల్లికి చెవుడు. "ఏమంటుండు? పౌడర్ గావాల్నంటనా?" అంది.

"పౌడర్ దియ్యలే అంటున్న అత్తమ్మా! నాదే తప్పు!" అని అరిచాడు నర్సప్ప.

ఎదురింట్లో ఉండే మరాఠీ ఆవిడ, "కాయ్ ఝాలా?" అని, ఏమైందో కనుక్కోవడానికి వచ్చింది. దసరా నాడు ఆవిడ కూడా అక్కడే ఉందట. తుల్జమ్మ మొగుడి వైపు కనుబొమ్మలు ఎగరేసింది. నర్సప్ప తనకొచ్చిన ముక్కల మరాఠీలో, "మీ చుకలో", అంటే తప్పు నాదేనని, మూడోసారి ఒప్పుకున్నాడు. ఆవిడ తృప్తిగా తలూపి లోపలికి పోయింది.

అప్పుడు తుల్జమ్మ లోపలినుంచి మూట తెచ్చింది. నర్సప్ప చేతిలోంచి చీర కవరు కూడా తీసుకుంది. "గిది వేరే లెక్క" అని మూటలో పెట్టుకుని, బండి వెనక కూర్చుంది.

"దుప్పట్లు ఎన్ని పేరుకున్నయ్?"

"ఓ నలబై ఉంటయ్" అన్నాడు నర్సప్ప, బండి స్టార్ట్ చేస్తూ.

"సరిగ్గ చెప్పు."

నర్సప్ప ఒకసారి నా వైపు చూశాడు.

"నూటిర్వై" అన్నాడు.